జట్టుకు వెలి

2015 జూలై 14 సాయంత్రం. చక్రాయపేటలో టీ అంగడి ముందు పది పన్నెండుమంది కుర్రవాళ్ళు గుమిగూడి ఉన్నారు. ఊళ్ళో పెద్దమనిషి ఎవరైనా కాలం చేసినప్పుడు కమ్ముకునే నిశ్శబ్దం అక్కడ కమ్ముకొని ఉంది. నా దగ్గర తెలుగు చదువుకున్న ఒకడు, వీపున ఏడో అంకె ఉన్న పసుపుపచ్చ చొక్కా తొడుక్కొన్నవాడు, నన్ను చూసి లేచి నిలబడి అన్నాడు: "చెన్నై టీమును రెండేండ్లు వెలేసినారు సార్."

మరునాడు పత్రికలు సస్పెన్షన్ అనీ, నిషేధమనీ రాశాయి. వాడి నోట మాత్రం వెలి అన్న మాట వచ్చింది. నలభై ఏళ్ళుగా మాటలతో కాపురం చేస్తున్నవాణ్ణి గనుక అది నన్ను వదలలేదు. వెలి అంటే బయట. వెలుపల, వెలివాడ, వెలివేత అన్నీ ఆ కుదుటనుండి మొలిచినవే. పూర్వం ఊళ్ళో ఒకణ్ణి వెలివేస్తే ఆ శిక్ష వాడితో ఆగేది కాదు. ఆ ఇంటికి నిప్పు ఇవ్వరు, నీళ్ళు తోడనివ్వరు, చాకలి మంగలి గడప తొక్కరు. తప్పు చేసినవాడు ఇంటి యజమాని. దప్పికగొన్నది ఇంట్లోని పసివాడు. ఒక జట్టును పోటీలనుండి తప్పించడమన్న ఆధునిక శిక్షలోనూ ఈ గుణమే ఉన్నదని నాకు తోచింది. ఆనాటినుండి ఈ విషయమై పోగుచేసుకున్న ముచ్చట్లను మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

మన చరిత్రలో ఇటువంటి శిక్షకు ప్రసిద్ధమైన ఉదాహరణ పల్నాడే. పన్నెండో శతాబ్దినాటి ఆ కథలో బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ కోడిపందెం. ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలని ఒప్పందం. ఓడింది ఒక పుంజు. మాచెర్ల విడిచి మండాదికి తరలినవారు మాత్రం మలిదేవాదులు, వారి పరివారం, వారి పశువులు. పందెం కాయని పసులకాపరి కూడా మూట కట్టుకోవలసి వచ్చింది. పందెమంటే గుర్తుకు వచ్చింది, చెన్నై జట్టు కొంప ముంచిందీ పందేలే.

ఆ వృత్తాంతం క్లుప్తంగా చెబుతాను. 2013 మే నెలలో ఐపీఎల్ పోటీలు జరుగుతుండగా స్పాట్ ఫిక్సింగు గుట్టు రట్టయింది. రాజస్థాన్ జట్టు ఆటగాళ్ళు ముగ్గురు అరెస్టయ్యారు. మే 24న గురునాథ్ మెయ్యప్పన్ అరెస్టయ్యారు. ఆయన చెన్నై జట్టు వ్యవహారాలు చూసేవారు, అప్పటి క్రికెట్ బోర్డు అధ్యక్షులు శ్రీనివాసన్ గారికి అల్లుడు. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. ముద్గల్ సంఘం విచారించింది, గురునాథ్ పందేలు కాశారని తేల్చింది. శిక్ష నిర్ణయించే పని న్యాయమూర్తి లోధా నాయకత్వంలోని త్రిసభ్య సంఘానికి దక్కింది. గురునాథ్‌కు క్రికెట్‌తో జీవితకాలం సంబంధం లేకుండా చేశారు. చెన్నై, రాజస్థాన్ జట్లను నడిపే సంస్థలకు చెరి రెండేళ్ళు సస్పెన్షన్ విధించారు. చెన్నై జట్టులో బ్యాటో బంతో పట్టిన ఏ ఆటగాడి మీదా నేరం రుజువు కాలేదు.

ఇక్కడొక మాట. 2008లో ఆ జట్టును కొన్న ఇండియా సిమెంట్స్ వారికి మన జిల్లాలోనే చిలంకూరులో, ఎర్రగుంట్లలో కర్మాగారాలుండేవి. 2024 చివరలో ఆ సంస్థే అల్ట్రాటెక్ వారి చేతికి పోయిందనుకోండి, అది వేరే కథ. జమ్మలమడుగు ప్రాంతపు సున్నపురాయి నలిగి బూడిదైతే, ఆ లాభంలో ఒక పిసరు చేపాక్ మైదానంలో పసుపు రంగై మెరిసిందన్నమాట. మా కుర్రవాళ్ళకు ఈ సంగతి తెలియదు. తెలిసినా వారి అభిమానంలో తేడా వచ్చేది కాదు. కొన్నవారు వేరు, వలచినవారు వేరు. శిక్ష వేసినవారి కాగితాలలో కొన్నవారి పేర్లే ఉంటాయి.

తెలుగువారు ఈ రుచి అంతకు ముందే చూశారు. 2007లో జీ సంస్థవారు ఇండియన్ క్రికెట్ లీగ్ పేరిట వేరు కుంపటి పెట్టారు. దానికి కపిల్ దేవ్ పెద్దదిక్కు. అందులో చేరిన ఆటగాళ్ళను బోర్డు వెలివేసింది. రంజీ లేదు, దేశం తరఫున ఆట లేదు. అందులోని హైదరాబాద్ హీరోస్ జట్టులో మన అంబటి రాయుడు ఉన్నాడు. గుంటూరులో పుట్టినవాడు. పదిహేడేళ్ళ వయసులో ఆంధ్ర జట్టు మీద ఒకే రంజీ మ్యాచ్‌లో 210, 159 నాటౌట్ కొట్టినవాడు. 2004లో అండర్-19 ప్రపంచ కప్పులో భారత జట్టుకు నాయకుడు. వెలి పడేనాటికి వాడికి దాదాపు ఇరవై రెండేళ్ళు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్లు, రెండు ధనిక వర్గాల పంతానికి ఆ పిల్లల ప్రాయం బలయింది. అయినా 2008లో ఆ హైదరాబాద్ జట్టు లాహోర్ బాద్షాలను ఓడించి కప్పు గెలిచినప్పుడు ఇక్కడ సంబరపడినవారున్నారు. గుర్తింపు లేని కప్పు గదా అని నేనొక కుర్రవాడితో అంటే, "గుర్తింపు కాగితానికి సార్, కొట్టింది రాయుడే గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

2009లో బోర్డు క్షమాభిక్ష ప్రకటించింది. రాయుడు తిరిగి వచ్చాడు. భారత జట్టులో మొదటి వన్డే ఆడేసరికి 2013 జూలై అయింది, జింబాబ్వేలో 63 నాటౌట్. ఇరవై రెండు మొదలు ఇరవై ఏడు దాకా క్రికెటరుకు అవి మళ్ళీ దొరకని ఏళ్ళు.

డెక్కన్ ఛార్జర్స్ సంగతి ఇక్కడ తడమకుండా పోలేను. 2009లో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచిన జట్టది. యజమానుల అప్పుల కారణంగా 2012 సెప్టెంబరులో బోర్డు దానిని రద్దు చేసింది. అక్టోబరులో సన్ టీవీ వారు హైదరాబాదుకు కొత్త జట్టును కొన్నారు, అదే సన్‌రైజర్స్. రద్దయిన జట్టు కోసం ఎవరూ పెద్దగా కంటతడి పెట్టినట్లు లేదు. ప్రేమలో కూడా తరతమాలున్నాయి మరి.

ఇక సముద్రాలకు ఆవలి సంగతి ఒకటి. అదే 2012లో నా పూర్వవిద్యార్థి ఒకడు అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుతుండేవాడు. అక్కడ కళాశాల జట్లంటే ఊరికి జాతరవంటివి. వారి ఫుట్‌బాల్ మైదానంలో లక్షమందికి పైగా పడతారు. ఆ జట్టు పూర్వ సహాయ శిక్షకుడొకడు ఏళ్ళ తరబడి పసిపిల్లల మీద అత్యాచారాలు చేసినట్లు న్యాయస్థానంలో రుజువైంది. పెద్దలు తెలిసీ మిన్నకున్నారని విచారణ నివేదిక చెప్పింది. 2012 జూలై 23న కళాశాల ఆటల సంఘం 6 కోట్ల డాలర్ల జరిమానా వేసి, నాలుగేళ్ళపాటు సీజను ముగిశాక జరిగే పోటీలలో ఆడరాదని శాసించింది. మామూలు ఆటలు ఆడవచ్చు. అంటే పంక్తిలో కూర్చోవచ్చు, పాయసం మాత్రం వడ్డించరు.

నావాడు ఆ రాత్రి ఫోను చేసి, టీవీ ముందు ఆడామగా ఏడుస్తున్నారని చెప్పాడు. నాకు మొదట కోపం వచ్చింది. చెరచబడ్డ పిల్లల కోసం ఇంతమంది ఏడ్చారా అని అడిగాను. అంతకు ముందు నవంబరులో, వృద్ధుడైన ముఖ్య శిక్షకుణ్ణి తొలగించిన రాత్రి, విద్యార్థులు వీధికెక్కి టీవీవారి వ్యానును బోర్లా వేశారని చదివి ఉన్నాను. అభిమానం గుడ్డిదైతే ఎంత హేయంగా ఉంటుందో అందులో కనిపించింది. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "సార్, ఇప్పుడు ఆడేవాళ్ళలో చాలామంది ఆ పాపాల కాలానికి బడిపిల్లలు. చివరేడు వాళ్ళకు ఇంకో ఏడు లేదు."

ఆ ఏడు ఆటగాళ్ళు వేరే కళాశాలకు వెళ్ళిపోవడానికి అనుమతి ఉంది. కొందరు వెళ్ళారు. ఎక్కువమంది నిలిచారు. పన్నెండు ఆటలలో ఎనిమిది గెలిచారు. నవంబరులో ఆఖరి ఆటనాడు, అజేయంగా నిలిచిన ఏళ్ళనూ విజేతలైన ఏళ్ళనూ రాసి ఉంచే మైదానపు గోడ మీద 2012 అనే అంకె కూడా చేర్చారు. కప్పు లేని ఏటికి దక్కిన గౌరవమది. 2014 సెప్టెంబరులో, గడువుకు రెండేళ్ళ ముందే, ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. విద్యార్థులు మళ్ళీ వీధికెక్కారు, ఈసారి ఆనందంతో. 2012లో చివరేడు చదివినవారు అప్పటికి కళాశాల దాటిపోయారు.

"ఇంకో ఏడు లేదు" అన్న మాట నాకు గుచ్చుకోవడానికి కారణముంది. 1994లో ఈ ప్రాంతంలోనే ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. డ్రిల్లు మాస్టరు పోస్టు ఖాళీగా ఉండి, ఆటల బాధ్యత నా నెత్తిన పడింది. కబడ్డీ జట్టులో, బడి మానేసి రెండేళ్ళయిన ఒక బలశాలిని మరొకరి పేరుతో చేర్చారు ఊరి పెద్దలు. జాబితా నా ముందు పెట్టారు. నేను సంతకం చేశాను. చూడలేదని చెప్పుకోవచ్చు, చూడదలచుకోలేదన్నదే నిజం. జోనల్ పోటీలలో వాడు దొరికిపోయాడు. జట్టును మైదానంలోనే బయటికి పంపారు, మరుసటి ఏడు కూడా రావద్దన్నారు.

ఊరు ఉడికిపోయింది. పక్క ఊరివాళ్ళు పితూరీ చెప్పినారని కొందరు, అంపైరు వాళ్ళ మనిషని కొందరు. "మా పిల్లోళ్ళు ఏం తప్పు జేసినారు అయ్యోరా?" అని ఒక ముసలాయన నన్ను నిలదీశాడు. పిల్లలు ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసినవాణ్ణి ఆయన ఎదురుగానే ఉన్నాను. ఆ మాట నా నోట రాలేదు.

మరుసటి ఏడు జట్టు నాయకుడు పదో తరగతి. జోనల్ ఫైనల్ జరిగే రోజున, ఎవరూ పిలవకుండానే, ఆ పిల్లలు మా బడి మైదానంలో సున్నంతో గీతలు గీసి తమలో తామే రెండు జట్లుగా చీలి ఆడారు. ఊరు ఊరంతా వచ్చి చుట్టూ నిలబడింది. ఆ నాయకుడు వచ్చి ఈల నా చేతికిచ్చి, "మీరే ఊదాల సార్" అన్నాడు. ఊదాను.

చెన్నైవారి వెలి 2017లో తీరింది. ఆ రెండేళ్ళూ ధోనీ పుణె జట్టుకు ఆడాడు, రైనా గుజరాత్‌కు. మా టీ అంగడి కుర్రవాళ్ళు పసుపు చొక్కాలు మార్చలేదు. 2018లో తిరిగి వచ్చిన జట్టు కావేరి ఆందోళనల మూలంగా చెన్నైలో ఒక్క ఆటే ఆడి పుణెకు తరలవలసి వచ్చింది. అభిమానులు ప్రత్యేక రైలులో వెంట వెళ్ళారు. తమసా తీరం దాకా రాముని వెంబడించిన అయోధ్యావాసులు నాకు గుర్తుకు వచ్చారు. ఆ ఏడు చెన్నై తరఫున అందరికన్నా ఎక్కువ, 602 పరుగులు చేసినవాడు రాయుడే. మే 27న అంత్యపోటీలో ఓడింది హైదరాబాద్. గెలుపు వేళ వాట్సన్‌తో పాటు క్రీజులో ఉన్నదీ రాయుడే. ఆ రాత్రి మా ఊళ్ళో టపాకాయలు పేలాయి.

నా కబడ్డీ నాయకుడికి అటువంటి ఏడు రాలేదు. పదితో చదువు ఆగింది, సేద్యంలో పడ్డాడు. శ్రావణమాసంలో గండి అంజనేయస్వామి దగ్గర ఎదురైతే పిల్లలచేత నాకు నమస్కారం పెట్టిస్తాడు. 1995 ఊసు మా మధ్య ఇంతవరకు రాలేదు.