మల్కాపుర శాసనము: ఆరోగ్య విద్యా వినోదశాలలు

వైద్యశాల, పాఠశాల, వినోదమందిరము ఒక్క ప్రాంగణమున నుండుట నవీనభావమని పలువురు తలంతురు. ఆంధ్రదేశమున నది పురాతనాచారమని మల్కాపుర శాసనము చాటుచున్నది.

శాలివాహనశకము 1183, అనఁగా క్రీ.శ. 1261వ సంవత్సరమునఁ గాకతి రుద్రమదేవి, తన తండ్రి గణపతిదేవుఁడు సంకల్పించిన మందడమును, దానితోఁ దాను వెలగపూడిని, విశ్వేశ్వరశివాచార్యునకు ధారపోసెను. నేఁడు రాష్ట్ర సచివాలయమున్న వెలగపూడియే యిది. ఆచార్యుఁడు కృష్ణాతీరమున నచ్చట దేవాలయము, మఠము, విద్యామండపము, సత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నెలకొల్పెను. వేదములకు ముగ్గురు, వ్యాకరణ తర్క సాహిత్యాది శాస్త్రములకు ఐదుగురు అధ్యాపకులు; వైద్యుఁడొకఁడు; లెక్కలు వ్రాయ కాయస్థుఁడొకఁడు. నర్తకులును గాయకులును మార్దంగికులును గలరు. వారి కళ దేవునకు సేవ, చూపఱకు వినోదము.

ఇందు మేము ముఖ్యముగా గ్రహించినవి రెండు. ఆచార్యుఁడు మందిరములు కట్టించి యూరకుండలేదు. ఆదాయమును మూఁడు పాళ్లు చేసి ప్రసూత్యారోగ్యశాలలకుఁ దగిన భాగము శాసనముననే నిర్దేశించెను. అధ్యాపకులకు, వైద్యునకు భూవసతి కల్పించెను. రెండవది, అన్నార్థులకు బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు సత్రద్వారము మూయరాదనెను.

వదాన్యులగు సోదరులారా! మనవా రెచ్చట నిట్టి శాలలు కట్టినను, వైద్యునకు, ఉపాధ్యాయునకు ఏఁటేఁట వేతన మెట్లు వచ్చునో ముందు నిర్ణయింపవలెను. గోడపై మన కులనామ ముండవచ్చును గాని, గుమ్మమున నెవ్వరినిఁ గులమడుగరాదు. ఏడువందల యేండ్లకుఁ బూర్వమే మన పెద్దలు శిలపైఁ జెక్కించిన ధర్మమిది.