చిట్టా నుంచి ‘నా గొడవ’ దాకా: ఓరుగల్లులో నిత్యలేఖనం

ఒక రోజు జమాఖర్చులను జరిగిన వరుసలోనే రాసుకొనే పుస్తకాన్ని చిట్టా అని, అందులోని పద్దులను పేరుపేరునా విడదీసి ఎత్తి రాసే పుస్తకాన్ని ఆవర్జా అని తెలుగు వర్తకులు చాలాకాలంగా వ్యవహరిస్తున్నారు. నిజాం రాజ్యంలో కచేరీ వ్యవహారమంతా మొదట ఫారసీలోను, తరువాత ఉర్దూలోను సాగినందువల్ల, ఏనాటి సంగతిని ఆనాడే నమోదు చేసే పుస్తకానికి ‘రోజునామచా’ అనే పేరు వాడుకలోకి వచ్చింది. వీటికంటే పాతవి కరణాల కవిలెలు, అంటే గ్రామ లెక్కలను, వృత్తాంతాలను భద్రపరచిన తాటాకు కట్టలు. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులలో, అనగా స్థానిక చరిత్రలలో, చాలావాటికి ఇవే ఆధారం. నిత్యం రాయడమనే అలవాటు తెలుగునాట కొత్తగా వచ్చినది కాదని చెప్పడానికి ఇవి చాలు. అయితే ఈ రాతలలో పొలం కనిపిస్తుంది, పన్ను కనిపిస్తుంది, అప్పు కనిపిస్తుంది. రాసిన మనిషి మాత్రం కనిపించడు.

1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడవునా దినచర్య రాయడం, అది 1838లో ‘కాశీయాత్రా చరిత్ర’గా అచ్చు కావడం ఈ చరిత్రలో పెద్ద మలుపు. అందులో రాసేవాని చూపు ఉన్నది గాని, అది ఎక్కువగా బాటలమీద, ఊళ్లమీద, జనుల ఆచారాలమీద నిలిచింది. తన కోపతాపాలను తానే లెక్క చూసుకొనే రాతకు ఓరుగల్లు (వరంగల్) సీమలో అత్యంత స్పష్టమైన రూపమిచ్చినవారు కాళోజీ నారాయణరావు.

1914 సెప్టెంబరు 9న బీజాపూరు జిల్లా రట్టిహళ్లిలో పుట్టి, వరంగల్ సమీపంలోని మడికొండలో పెరిగిన కాళోజీకి తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ, హిందీ, ఇంగ్లీషు భాషలు వచ్చు. ఆయన వకీలు, నిజాం పాలనలో జైలుశిక్ష అనుభవించిన ఉద్యమకారుడు కూడా. ఇన్ని భాషలు తెలిసినా, తన మనసులోని మాటకు ఆయన ఎన్నుకొన్నది జనుల పలుకుబడినే. 1953లో అలంపురంలో శ్రీశ్రీ ఆవిష్కరించిన ఆయన కవితాసంపుటి పేరు ‘నా గొడవ’. గొడవ అంటే తగవే కాదు, మనిషిని కుదురుగా ఉండనీయని బాధ, పట్టింపు కూడా. ‘నా’ అనే మాట చేరగానే ఊరి అన్యాయం రాసేవాని సొంత పద్దు అవుతున్నది. 1946లో వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగురవేసిన సందర్భంలో ఉద్యమకారుడు బత్తిని మొగిలయ్య హత్యకు గురైనటువంటి ఘటనలు ఆ తరానికి కళ్లెదుట జరిగినవి. అటువంటి కాలంలో, సంఘటన జరిగిన వెంటనే, వేడి చల్లారకముందే స్పందించే స్వభావం ఉన్నందున, తేదీల వారీగా రాసిన దినచర్య కాకపోయినా ‘నా గొడవ’ను అంతరంగ రోజునామచాగా చదవడం సమంజసమే. 1995లో వెలువడిన ఆత్మకథకు కూడా ఆయన ‘ఇదీ నా గొడవ’ అనే పేరే ఉంచారు.

ఇటువంటి రాత రాసేవానికి చేసే మేలును ఆధునిక మనస్తత్వశాస్త్రం కూడా పరీక్షించింది. జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో, తమను కలచివేసిన అనుభవాన్ని, దానివల్ల కలిగిన భావాలతో సహా, వరుసగా 4 రోజులు రోజుకు 15 నిమిషాలు రాసిన విద్యార్థులు తరువాతి నెలలలో వైద్యకేంద్రానికి తక్కువసార్లు వెళ్లినట్లు తేలింది. రాసేటప్పుడు వారు సాధారణంగా మరింత కలత చెందారన్న సంగతిని కూడా గమనించాలి. దుఃఖం మాటలలోకి దిగి, ముందూ వెనుకా గల కథగా కుదురుకొన్నప్పుడు దాని బరువు తగ్గుతుందని తరువాతి వివరణలలో ఒకటి. చిట్టాలో కలగాపులగంగా పడిన పద్దును ఆవర్జాలోకి ఎత్తి రాసి బాకీ ఎంతో తేల్చుకొనే వర్తకుడు చేసేది కూడా ఇంచుమించు ఇదే పని. అయితే కాళోజీ విషయంలో ఈ మేలు ఉపశమనంతో ఆగలేదు. రాసుకొన్న మాట రేపటికి సాక్ష్యమై, రాసినవానిని తన మాటకు కట్టుబడి ఉండేటట్లు చేసింది.

నిత్యలేఖనానికి ఇంతటి విలువ ఉన్నందున, వరంగల్, హనుమకొండ ఇళ్ల అటకలమీద తాతల నాటి చిట్టాలు, ఉర్దూలోనో తెలుగులోనో రాసిన నోటుపుస్తకాలు ఉన్నవారు వాటిని తూకానికి అమ్మివేయకుండా, ఒక్కసారి విప్పి చదివి, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాలకు చూపవలెను.