కారు మీద తెల్ల మరకలు: మన అనంతపురం నీళ్ల కథ

పోయిన ఆదివారం మా అన్న కారు కడిగినాను. నల్ల కారు. బోరు పైపు పెట్టి బాగా కడిగి, "అబ్బా, అద్దం లెక్క ఉంది" అనుకొని లోపలికి పోయి కాఫీ తాగి వచ్చేసరికి బానెట్ మీదంతా తెల్ల చుక్కలు. ఒక్కో నీటిచుక్క ఎక్కడ ఆరిందో అక్కడ గుండ్రంగా ఒక మరక. అద్దాల మీద కూడా అంతే. గుడ్డతో తుడిస్తే పోలేదు, గోటితో గీకినా పోలేదు. మా అన్న వచ్చి చూసి, "కడిగినావా, సున్నం కొట్టినావా?" అన్నాడు.

వాడు ఎగతాళికి అన్నాడు గానీ, నిజానికి అది సున్నమే. ఆ సున్నం మన నీళ్లలోకి ఎప్పుడొచ్చింది, ఎట్లొచ్చింది అని వెతుక్కుంటూ పోతే 650 ఏళ్ల వెనక్కి పోవాల్సి వచ్చింది. ఈరోజు ఎపిసోడ్ అదే. మరకలు తీసే పద్ధతి కూడా చెప్తాను, చివరిదాకా ఉండండి.

ముందు ఆ మరక ఏంటో చూద్దాం. వాన పడేటప్పుడు నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు. ఆ నీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకొని కొంచెం పులుపెక్కుతాయి. ఆ పులుపుతో భూమిలోకి దిగి, రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలబడి, రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. కాల్షియం, మెగ్నీషియం, సిలికా అన్నీ అందులో చేరతాయి. బోరు వేసి ఆ నీళ్లు పైకి తెచ్చి కారు మీద పోస్తే, ఎండకి నీళ్లు ఆవిరైపోతాయి, రాయి మిగిలిపోతుంది. అంటే మీ బానెట్ మీద ఉన్నది మీ ఊరి బండరాయే.

తాగే నీళ్లకి మన దేశంలో ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 10500 అని. దాని ప్రకారం నీటి కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. ఆ 600 ఉన్న నీళ్లు ఒక గ్లాసుడు, అంటే 200 మిల్లీలీటర్లు, కారు మీద ఆరిపోయాయనుకోండి. 120 మిల్లీగ్రాముల సున్నం మీ పెయింట్ మీద కూర్చున్నట్టే. వారం వారం కడిగితే లెక్క మీరే వేసుకోండి.

ఇప్పుడు వెనక్కి పోదాం. మన పక్క జిల్లా కడపలో పోరుమామిళ్ల చెరువు ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించినది. దాని దగ్గర 1369 నాటి శాసనం ఉంది. రోజుకి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాశారు. అంతకన్నా గొప్ప విషయం ఏంటంటే, మంచి చెరువుకి ఏమేం ఉండాలి అని 12 లక్షణాలు, ఏమేం ఉండకూడదు అని 6 దోషాలు చెప్పారు. ఉండాల్సిన వాటిలో ఒకటి తీపి నీళ్లు తెచ్చే ఏరు. ఉండకూడని వాటిలో ఒకటి చౌడు నేల. చూశారా? నీళ్లు ఎన్ని వస్తాయి అన్నదే కాదు, ఎట్లాంటి నీళ్లు వస్తాయి అన్నది కూడా వాళ్లకి లెక్కే.

మన అనంతపురం పేరు కూడా చెరువు నుంచి వచ్చిందే, అనంతసాగరం. పక్కనే బుక్కరాయసముద్రం. ఆ చెరువు కట్ట తెగబోతే ఊరికోసం ప్రాణం ఇచ్చిందని ముసలమ్మ కథ మనందరికీ తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని కావ్యంగా కూడా రాశారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఆ వానని పట్టి పెట్టుకోవడమే ఇక్కడ బతుకు. చెరువులో ఉండేది ఎక్కువగా నేల మీద పారి వచ్చిన వాననీళ్లు. రాళ్లలో ఏళ్లు గడిపిన నీళ్లు కావు కాబట్టి వాటిలో సున్నం తక్కువ.

మరి బావులు? ఉండేవి. కానీ అన్ని బావులూ ఒకటి కాదు. మా అవ్వ చెప్పేది, వాళ్ల ఊర్లో తాగడానికి ఒక బావి, వాడకానికి ఒక బావి అని. పరీక్ష ఏంటంటే కందిపప్పు. "పప్పు ఉడికితే మంచినీళ్లు, ఉడక్కపోతే ఉప్పునీళ్లు" అనేది అవ్వ. ఇది వట్టి మాట కాదు. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే పప్పు తొందరగా మెత్తబడదు. ల్యాబ్ లేని రోజుల్లో కుండే ల్యాబ్. బట్టలు ఉతికేవాళ్లు చౌడు మట్టి వాడేవాళ్లు. అందులో సోడా ఉంటుంది. అది నీళ్లలోని కాల్షియంని కిందికి దింపేస్తుంది, అప్పుడు మురికి వదులుతుంది. పొలానికి శత్రువైన చౌడు వాళ్లకి సబ్బు అన్నమాట.

రైలొచ్చాక ఈ సమస్య ఇనుములోకి కూడా ఎక్కింది. 1871లో మద్రాసు నుంచి గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా లైను పూర్తయింది. స్టీమ్ ఇంజన్ అంటే రోజంతా నీళ్లు మరిగించే పెద్ద కుండ. కఠిన జలం పోస్తే బాయిలర్ లోపల తెల్ల పొర కడుతుంది, వేడి లోపలికి పోదు, బొగ్గు ఎక్కువ కాలుతుంది. మీ ఇంట్లో గీజర్ కాయిల్ మీద కట్టేది అదే పొర. మీ కారు మీద ఉన్నదీ దాని తమ్ముడే.

అసలు మలుపు బోరుతో వచ్చింది. 1967 ప్రాంతంలో కరువు సాయంగా యునిసెఫ్ గట్టి రాతిని తొలిచే రిగ్గులు మన దేశానికి తెచ్చింది. తాగునీటికి అది పెద్ద వరం, కాదనలేం. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి, ఊరూరా బోర్లు వచ్చాయి. చెరువులు పూడిపోయాయి, బావులు ఎండిపోయాయి. నీళ్లు ఒక్కో మెట్టు కిందికి పోతుంటే మనం కూడా వందల అడుగులు కిందికి పోయినాం. కింద నీళ్లు రాతితో ఎక్కువ కాలం కాపురం చేసినవి. అందుకే మామూలుగా లోతు పోయే కొద్దీ ఉప్పు పెరుగుతుంది.

అదే కాలంలో కారు కూడా మారింది. పాత కార్ల పెయింట్ ఒకటే పొర, మరక పడితే పాలిష్ కొట్టేవాళ్లు. ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోట్ అని పారదర్శకమైన పొర ఉంటుంది, మన వెంట్రుక మందం కూడా ఉండదు. మెరుపంతా దానిదే. ఇంకో విషయం. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికి రావడం మొదలైంది. అప్పుడది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. దానికి నీళ్లు గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి, అంటే హంద్రీనీవాలో శ్రీశైలం నుంచి ఎక్కివచ్చిన కృష్ణా నీళ్లు. మామూలుగా ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా పెయింట్ వేసేముందు బాడీని ఉప్పులన్నీ తీసేసిన నీళ్లతో కడుగుతారు. చుక్క మిగిలితే మరక పడుతుందని. అంత జాగ్రత్తగా పుట్టిన కారు మన ఇంటికొచ్చి నేరుగా బోరు కింద నిలబడుతుంది, పాపం.

సరే, ఇప్పుడు మరక తీయడం. సున్నానికి విరుగుడు పులుపు. నీళ్లు కాగే అండా లోపల తెల్ల పొరని మా అవ్వ చింతపండుతో రుద్దేది. సూత్రం అదే. కానీ కారుకి చింతపండు వద్దు, పిప్పి గీతలు పెడుతుంది. తెల్ల వెనిగర్ ఒక వంతు, మంచినీళ్లు ఒక వంతు కలపండి. కారు నీడలో ఉండాలి, బానెట్ చల్లగా ఉండాలి. ముందు దుమ్ము కడిగేయండి. మైక్రోఫైబర్ గుడ్డని తడిపి మరక మీద ఒకటి రెండు నిమిషాలు పెట్టండి, ఆరనివ్వొద్దు. మెల్లగా తుడిచి, నీళ్లతో కడిగి, వెంటనే పొడి గుడ్డతో ఆర్పండి. ముందు ఒక మూల చిన్న చోట చేసి చూడండి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దగ్గరికి కూడా రానివ్వకండి, పెయింట్ పోతుంది, రబ్బరు పోతుంది, మీ చేతులూ పోతాయి.

వెనిగర్‌కి పోలేదంటే రెండే కారణాలు. ఒకటి, అది సిలికా, పులుపుకి కరగదు. అద్దం మీద అయితే సీరియం ఆక్సైడ్ పాలిష్‌తో తీస్తారు. రెండు, ఎండకి మరక క్లియర్ కోట్‌లోకే దిగి గుంత చేసింది. అప్పుడు పాలిష్ కొట్టించాలి. పాలిష్ అంటే ఆ పొరని కొంచెం అరగదీయడమే, కాబట్టి మాటిమాటికీ కుదరదు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు, నేనూ చేసినాను. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని కారుకి వాడటం. మిషన్ తీసేసిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది ఫ్రెండ్స్! బోరు నీళ్లకన్నా అది ఘోరం.

కానీ ఈ కథలో నాకు గుచ్చుకున్నది కారు కాదు. అదే రాతిలోంచి, అదే నీళ్లతో పాటు ఫ్లోరైడ్ కూడా వస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. మన జిల్లా పల్లెల్లో కూడా గోధుమ మరకల పళ్లు ఉన్నవాళ్లని మీరు చూసే ఉంటారు. మా అవ్వ నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేది. చిన్నప్పుడు సిగ్గు అనుకున్నా. ఇప్పుడు అర్థమైంది. కారు మీద మరకకి వెనిగర్ ఉంది. ఎదిగే వయసులో పంటిలో పడిన మరకకి, వంగిపోయిన వెన్నుకి ఏ సీసా లేదు. 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం 731 ఊర్లకి నీళ్లు తెచ్చినప్పుడు జనం ఎందుకంత సంబరపడ్డారో, ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

కాబట్టి మంచినీళ్లతో కారు కడగమని నేను చెప్పను. 2024 మార్చిలో పక్కనున్న బెంగళూరులో తాగునీళ్లతో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. మనకి ఆ రోజు రాకూడదు. రెండు బకెట్ల బోరు నీళ్లతో నీడలో కడగండి. ఆఖరిగా ఒక్క బకెట్, మిద్దె మీద నుంచి డ్రమ్ములోకి పట్టుకున్న వాననీళ్లు పోయండి. వెంటనే తుడిచేయండి. మరక పడదు.

మా ఇంటి మిద్దె పైపు కింద ఈ వారమే ఒక పాత డ్రమ్ము పెట్టినాను, గుడ్డ కట్టి. ఇంకా వాన రాలేదు. వచ్చినాక మొదటి చెంబు కారుకి కాదు, కందిపప్పుకి. అవ్వ పరీక్ష ఒకసారి చేసి చూడాలి. ఏమైందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటాను ఫ్రెండ్స్.