బస్తీ పిల్లలకు బడీ, బరీ

సాంఘిక సంక్షేమ గురుకులాలకు నాలుగు దశాబ్దాలు నిండిన సందర్భంగా, ఉప్పల్-నాచారం పూర్వ విద్యార్థుల తరఫున నాలుగు మాటలు రాయమని సంచిక కమిటీ వారు అడిగారు. చాలాకాలం గురుకులాల్లో లెక్కలు చెప్పి, రిటైరై నాచారంలో ఉంటున్నవాణ్ని. కాదనలేకపోయాను.

మన ప్రాంతం సంగతి మనకు కొత్త కాదు. నాచారం, మల్లాపూర్, ఉప్పల్ కంపెనీలను నమ్ముకుని పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఒక్క గదిలో కాపురం పెట్టాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ షిఫ్టుకు పోతే పిల్లవాడికి గల్లీయే దిక్కు. పదో తరగతి తప్పగానే కంపెనీలో హెల్పర్‌గా పెట్టేద్దామన్నది ఇంట్లోవాళ్ల లెక్క. వాడు ఎలాగూ తప్పుతాడన్నది బయటివాళ్ల లెక్క. ఆ రెండు లెక్కలనూ తప్పించింది గురుకులం.

1980లలో, ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా ఈ బడులు మొదలయ్యాయి. నాచారం అనగానే అందరికీ ఆయన రామకృష్ణా స్టూడియో గుర్తొస్తుంది. మా ఇళ్లలో మాత్రం ఈ బడులే ముందు గుర్తుకొస్తాయి. వీటి వెనక ఉన్న మనిషి ఎస్.ఆర్. శంకరన్ గారు. తమిళనాడు నుంచి వచ్చిన ఐఏఎస్ అధికారి. పెళ్లి చేసుకోలేదు. జీతం డబ్బులు దళిత విద్యార్థుల చదువులకు ఖర్చుపెట్టేవారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టాన్ని కాగితం మీద నుంచి ఊళ్లలోకి తెచ్చారు. 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయన ఒకరు. ఆ తర్వాత కూడా ఆయన నక్సలైట్లతో చర్చల దారినే నమ్ముకున్నారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో కన్నుమూశారు. ఆయన ఫొటో లేని గురుకులం ఉండకూడదు.

మొదలైనప్పటి నుంచి దాదాపు మూడు దశాబ్దాలు బడులు నడిచాయి, ఫలితాలు వచ్చాయి.

2012లో ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు గురుకులాల కార్యదర్శిగా వచ్చాక ఆటల పీరియడ్‌కు గౌరవం పెరిగింది. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి వరంగల్ దారిలో పోతే వచ్చే భువనగిరి గుట్ట మీద, శేఖర్‌బాబు బాచినేపల్లి గారి దగ్గర మన పిల్లలు తాళ్లు పట్టుకుని ఎక్కడం నేర్చారు. వారిలో ఇద్దరు 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. చర్లకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ తండ్రి సైకిల్ మెకానిక్. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే నేపాల్ వైపు మంచు చరియలు విరిగిపడి 16 మంది పోయారు. మన పిల్లలు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. 2023లో టీ అమ్మే ఇంటి బిడ్డ అగసర నందిని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది. ఆమె కూడా గురుకులం బిడ్డే.

ఈ పేర్లు అందరికీ తెలుసు. తెల్లవారుజామున విజిల్ ఊది పిల్లల్ని లేపిన పీఈటీలు, అర్ధరాత్రి జ్వరం చూసిన నర్సులు, పొయ్యి దగ్గర నిలబడిన వంటమనుషులు, వార్డెన్లు, వాచ్‌మెన్లు, అప్పు చేసి ట్రంకు పెట్టె కొనిచ్చిన తల్లిదండ్రులు, బూట్లు, పుస్తకాలు ఇచ్చిన దాతలు, అందరికీ కమిటీ తరఫున నమస్కారాలు. 

ఒక మాట మనసులో ఉంచుకోలేను. తెలంగాణ రాష్ట్రం వచ్చాక గురుకులాలు రెట్టింపై 268 అయ్యాయి. సంతోషమే. కానీ వాటిలో చాలావాటికి సొంత భవనం లేదు. నేను చివర పనిచేసిన బడి కూడా అద్దె భవనంలోనే ఉండేది. గ్రౌండ్ లేదు. కార్లు నిలిపే జాగాలో సున్నంతో కబడ్డీ గీతలు గీశాం. 2024 అక్టోబరులో దసరా సెలవుల తర్వాత కొన్ని చోట్ల బకాయిల కోసం యజమానులు గేట్లకు తాళాలు వేశారు. సంచులు మోసుకొచ్చిన పిల్లలు రోడ్డు మీద నిలబడ్డారు. నాలుగు దశాబ్దాల సంస్థకు అది తలవంపు. గ్రౌండ్ల సంగతి చూస్తే, మన ఉప్పల్‌లో 2005 నుంచి అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్‌లు జరుగుతున్నాయి. బస్తీ పిల్లలు మాత్రం ఇప్పటికీ కరెంటు స్తంభాన్ని వికెట్ చేసుకునే ఆడుతున్నారు.

ఎవరెస్టు ఎక్కిన ఇద్దరి వల్ల సంస్థకు పేరొచ్చింది. మిగతా వేలమందికి రోజూ గంటసేపు పరుగెత్తే జాగా దొరికినప్పుడే దాని పని పూర్తయినట్టు. అందుకే పూర్వ విద్యార్థులకు రెండు విన్నపాలు. మీ గల్లీలో నాలుగో తరగతి చదువుతున్న ఒక్క పిల్ల చేతనైనా ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టించండి. ఓటడగడానికి వచ్చిన ప్రతి నాయకుణ్నీ గురుకులానికి సొంత భవనం, దాని పక్కన గ్రౌండ్ ఎప్పుడిస్తారో అడగండి.