హనుమకొండ భాషా నిలయం, అఫ్జల్‌గంజ్ మేడ

శిల్పం చూడాలని హనుమకొండ వచ్చినవాళ్లు నేరుగా వేయిస్తంభాల గుడికి వెళ్తారు. 1163 నాటి ఆ త్రికూటాలయంలో కాకతి రుద్రదేవుడు నిలిపించిన నల్లరాతి స్తంభాలు ఎంత నునుపంటే, దగ్గరికి వెళ్తే మన నీడ వాటిలో కదులుతుంది. అదే ఊళ్లో 1904లో పుట్టిన శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయాన్ని వెతుక్కుంటూ వెళ్లే యాత్రికులు అరుదు. నిజాం రాజ్యంలో గ్రంథాలయాలు ఎవరి పూనికతో లేచాయో తెలుసుకోవాలంటే మాత్రం ఆ గడప తొక్కాల్సిందే.

అప్పట్లో కచేరీ భాష ఉర్దూ. తెలుగు పుస్తకం కావాలంటే జనమే కూడబెట్టుకోవాలి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి అండగా నిలిచారు. మూడేళ్లకు హనుమకొండ అందుకుంది. 1918లో వరంగల్‌లో శబ్దానుశాసన ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. కాకతీయుల గడ్డ మీద ఉంటూ కూడా హనుమకొండవాళ్లు తమ గ్రంథాలయానికి నన్నయను ఆదరించిన వేంగి రాజు పేరు పెట్టుకున్నారు. రాజ్యాల సరిహద్దులు వాళ్ల తెలుగుకు అడ్డురాలేదు.

సర్కారు గ్రంథాలయం కథ వేరు.

సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ చొరవతో 1891లో ఆబిడ్స్‌లో ఆసఫియా గ్రంథాలయం ఏర్పడింది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, ఒడ్డుల రూపమే మారింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. ఆ వరసలోనే అఫ్జల్‌గంజ్‌లో గ్రంథాలయానికి 1932లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పునాది వేశారు. 1936లో పుస్తకాలు కొత్త మేడకు చేరాయి. నదికి ఎదురుగా గ్రానైటు గోడలు, నిలువెత్తు కమానులు, విశాలమైన హాళ్లు. కప్పు అంత ఎత్తున ఉండటం దర్పానికే కాదు: వేడిగాలి పైకి పోయి, కింద చదువుకునేవాడికి ఎండాకాలంలోనూ కాస్త చల్లగా ఉంటుంది. అరబ్బీ, పారశీ, ఉర్దూ గ్రంథాలకు, చేతిరాత ప్రతులకు అది పెట్టింది పేరు.

ఇటు భాషా నిలయాలకు పుస్తకాలతోపాటు సభలూ ప్రాణమే. పండితుల ఉపన్యాసాలు, వార్షికోత్సవాలు అక్కడే జరిగేవి. 1929లో సర్కారు గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చి, అనుమతి లేని సభలకు కళ్లెం వేసింది. జనం గుమిగూడి తెలుగులో మాట్లాడుకోవడం కూడా అధికారులకు అనుమానంగానే తోచిన కాలమది.

1955లో హైదరాబాదు ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చాక ఆసఫియా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా మారింది. చేతిరాత ప్రతులు తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణకు తరలిపోయాయి. ఇప్పుడా కమానుల కింద బల్లల మీద ఎక్కువగా కనబడేవి పోటీ పరీక్షల పుస్తకాలు. గ్రూప్స్ కోసం జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లు వాటిని తెలుగులోనే చదువుకుంటున్నారు.