బొగ్గు నఫా, జాన్ హిసాబ్

ఈ మధ్య మన ఖాందాన్లలో షేర్ల ముచ్చట పెరిగింది. దావత్‌లో నలుగురు కూర్చుంటే చాలు, "భాయ్, ఫలానా కంపెనీ షేరు హలాలేనా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. శరాబ్ అమ్ముతుందా, జూదం ఉందా, సూద్ అప్పు ఎంత శాతం అని చూస్తాం. మంచిదే. కానీ ఆ కంపెనీ మజ్దూర్ డ్యూటీ దిగి సలామత్‌గా ఇంటికి చేరుతున్నాడా అనే సవాల్ మన హిసాబ్‌లో లేదు. సింగరేణి చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఆ ఖాళీయే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి తవ్వకాల హక్కు వచ్చింది. అప్పుడు జరిగిన తమాషా మన రియాసత్‌కే సిగ్గుచేటు. లైసెన్సు సంపాదించిన దొరలు చేతి నుంచి పైసా పెట్టకుండానే షేర్లలో పెద్ద భాగం రాయించుకున్నారు. తర్వాత ఖజానా సొమ్ముతో నిజాం సర్కారు తరఫున షేర్లు కొన్న అధికారి సర్దార్ అబ్దుల్ హక్. సర్కారుకు అమ్మిన వాటిలో ఆయన సొంత షేర్లే ఉన్నాయని బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు దీని మీద కమిటీ వేసింది. అబ్దుల్ హక్ నౌకరీ పోయింది. విచారణంతా షేరు ధర చుట్టూ, అమానత్‌లో ఖయానత్ చుట్టూ తిరిగింది. బాయిలోకి దిగబోయే మనిషి ఊసు అందులో ముఖ్యం కాదు.

1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం సర్కారు ఎక్కువ షేర్లు కొనేసింది. ఈ రోజు 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. ఈ షేరు బజారులో దొరకదు కాబట్టి మనకు సంబంధం లేదనుకోవద్దు. హుకూమత్ వాటా అంటే అవామ్ వాటా. మనం కొనకుండానే హిస్సేదార్లం.

ఇక గోదావరిఖని. 2003 జూన్ 16న 7 ఎల్.ఇ.పి. బాయిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో 8ఏ బాయిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. నాలుగు నెలల్లో ఒకే ఊళ్లో 27 జనాజాలూ పాడెలూ.

భూమి లోపల నీళ్లంటే ఏమిటో కొంచెం చెప్పాలి. బొగ్గు తీసేసిన పాత గల్లీల్లో ఏళ్ల తరబడి ఊట చేరుతుంది. అలాంటి చోటుకు 60 మీటర్ల లోపల తవ్వాలంటే ముందు ఇజాజత్ తీసుకోవాలని అప్పటి 1957 బొగ్గు గనుల నియమాలు చెప్పేవి. అంటే పాత నక్షా సరిగ్గా ఉండాలి, మధ్యన వదిలిన బొగ్గు గోడ గట్టిగా ఉండాలి. ఆ గోడ కూడా అమ్ముడుపోయే మాలే. వదిలిన ప్రతి అడుగూ వదులుకున్న నఫానే. పైకప్పుదీ అదే కథ. మైనింగ్ సర్దార్ (మన ఫార్సీ లఫ్జ్ భూమి కింద ఇంకా బతికే ఉంది చూడండి) కర్రతో కొట్టి చప్పుడు విని, కప్పు గట్టిగా ఉందో లేదో తేలుస్తాడు. ఆ వినే తీరిక అతనికి ఉండాలంటే ఉత్పత్తి టార్గెట్ ఆగాలి.

మన ఫిఖ్‌లో ముజారబత్ అనే పద్ధతి ఉంది. ఒకరిది పైసా, ఇంకొకరిది మెహనత్. నఫా ఇద్దరికీ. నుఖ్సాన్ వస్తే సొమ్ము పోయేది పైసా పెట్టినవాడికి, పనివాడికి మెహనత్ మాత్రమే వృథా. ఇన్సాఫ్ ఉన్న లెక్క అది. కానీ బొగ్గు బాయిలో పనివాడి నుఖ్సాన్ మెహనత్‌తో ఆగదు, జానే పోతుంది. అలాంటి చోట పెట్టుబడిదారు పైసాతో పాటు హిఫాజత్ జిమ్మేదారీ కూడా మోయాలని నా రాయ్. సూద్ శాతం అడిగే మనం, మౌత్‌ల సంఖ్య కూడా అడగాలి.

సింగరేణిలో నఫా పంచే రివాజ్ ఉంది, అది తారీఫ్ చేయదగ్గదే. 2024లో 33 శాతం కింద 796 కోట్లు ప్రకటించారు, పర్మనెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేలు. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 జూన్ 2న, రామగుండం ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ పనిలో పేలుడు జరిగి నలుగురు చనిపోయారు. నలుగురూ కాంట్రాక్టు మజ్దూర్లే. వాళ్ల జాతికి నఫాలో వాటా మొదటిసారి దక్కింది 2024లోనే. తలా అయిదు వేలు.