సామాజిక ఒడంబడిక సిద్ధాంతం

రాజ్యాధికారం దైవదత్తం కాదని, మనుషులు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం నుంచి పుట్టిందని చెప్పే రాజనీతి సిద్ధాంతమిది. ఐరోపాలో 17, 18 శతాబ్దాల్లో పూర్తి రూపం దాల్చినా, ఈ ఆలోచన ప్రాచీన భారతంలోనే కనిపిస్తుంది. బౌద్ధుల దీఘనికాయంలోని అగ్గఞ్ఞ సుత్తం ప్రకారం, పొలాలకు హద్దులు పడి దొంగతనాలు మొదలయ్యాక జనం తమలో ఒక యోగ్యుణ్ణి ఎన్నుకొని, తప్పు చేసినవాణ్ణి దండించే పనికి ప్రతిఫలంగా వరిలో వాటా ఇచ్చారు. అతడే మహాసమ్మతుడు. మహాభారతం శాంతిపర్వంలోని మనువు, బ్రహ్మ ఆదేశించినా, పాపం అంటుతుందన్న భయంతో రాజరికానికి మొదట ఒప్పుకోడు. పశువుల్లో, బంగారంలో యాభయ్యో వంతు, ధాన్యంలో పదో వంతు ఇస్తామని, ఎవరి పాపం వారిదేనని ప్రజలు మాటిచ్చాకే అంగీకరిస్తాడు.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ కథను గూఢచారుల నోట పలికిస్తుంది. వాళ్లు తీర్థాల్లో, సభల్లో కావాలని వాదం పెట్టుకోవాలి. ఒకడు రాజును నిందిస్తే, రెండోవాడు, బలవంతుడు బలహీనుణ్ణి మింగే మత్స్యన్యాయానికి తాళలేక ప్రజలే మనువును రాజుగా చేసుకొని ధాన్యంలో ఆరో వంతు కేటాయించారని చెప్పి అతడి నోరు మూయించాలి. ఒడంబడిక కథ పాలకుడికి ఎలా అక్కరకొస్తుందో ఇంత సూటిగా చూపిన గ్రంథం అరుదు.

ఇక ఐరోపాకొస్తే, ఇంగ్లండులో 1642లో మొదలైన అంతర్యుద్ధం 1649లో రాజు మొదటి చార్లెస్ శిరచ్ఛేదం దాకా వెళ్లింది. ఆ కాలంలో పారిస్‌లో ప్రవాసమున్న థామస్ హాబ్స్ 1651లో ‘లెవయథాన్’ ప్రచురించాడు. ప్రభుత్వం లేని చోట ప్రతివాడికీ ప్రతివాడూ శత్రువే కాబట్టి, ప్రాణరక్షణ కోసం జనం తమ హక్కులను సార్వభౌముడికి ధారపోస్తారని, వాటిని మళ్లీ అడగడం కుదరదని అతడి వాదన. జాన్ లాక్ దీన్ని ఒప్పుకోలేదు. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి ప్రభుత్వానికన్నా ముందునుంచే ఉన్న హక్కులని, పాలకుడిది కేవలం ధర్మకర్త బాధ్యతేనని, నమ్మకం వమ్మయితే తిరగబడవచ్చని 1689లో వెలువడిన తన గ్రంథంలో వాదించాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు ఊపిరి పోసిన భావాల్లో ఇదొకటి.

ముగ్గురిలోకీ లోతుగా వెళ్లినవాడు రూసో. ఆస్తి కాపాడుకోవడానికి ధనవంతులు పేదలను నమ్మించి కుదుర్చుకున్న బూటకపు ఒప్పందమే ఉన్న రాజ్యానికి మూలమని 1755లో రాశాడు. ఆ ఆగ్రహం నుంచే 1762 నాటి ‘సామాజిక ఒడంబడిక’ వచ్చింది. అందులో ప్రజలు అధికారాన్ని ఎవరికీ అప్పగించరు. సమష్టి ఇచ్ఛ రూపంలో తామే సార్వభౌములవుతారు. జెనీవా పాలకులు ఆ పుస్తకాన్ని తగలబెట్టించారు. అయితే సమష్టి ఇచ్ఛకు లోబడనివాణ్ణి బలవంతంగానైనా స్వతంత్రుణ్ణి చేయాలన్న అతడి మాట నేటికీ విమర్శకులను కలవరపెడుతూనే ఉంది.

ఉన్న ప్రభుత్వాల్లో దాదాపు ఏదీ ఒప్పందం నుంచి పుట్టలేదన్నాడు డేవిడ్ హ్యూమ్ 1748లో. నిద్రలో ఉన్నవాణ్ణి ఓడెక్కించి, సముద్రంలో దూకలేదు కనుక కెప్టెన్ అధికారానికి సమ్మతించాడనడం న్యాయమా అని అతడి ప్రశ్న. మార్క్స్, ఎంగెల్స్ దృష్టిలో రాజ్యం ఒప్పందఫలం కాదు, వర్గాధిపత్య సాధనం. ఈ దాడులతో వెనకబడ్డ సిద్ధాంతానికి 1971లో జాన్ రాల్స్ మళ్లీ ప్రాణం పోశాడు. తమ సామాజిక హోదా, సంపద, ప్రతిభ ఏమిటో తెలియని స్థితిలో మనుషులు ఎలాంటి నియమాలను ఎంచుకుంటారన్నది అతడి పరీక్ష. ఒప్పందం చేసుకున్నవారిలో స్త్రీలు ఎక్కడున్నారని 1988లో కెరోల్ పేట్‌మన్, నల్లజాతివారు ఎక్కడున్నారని 1997లో చార్లెస్ మిల్స్ నిలదీశారు.